పెద్దమ్మ పంపిన ఫ్యాన్

ఫైర్‌వాల్‌లో రంధ్రం కనిపెట్టిన మనిషి, దాన్ని మూయించకముందే చచ్చిపోయాడు.

అతని పేరు సాయికృష్ణ. పొద్దున్నే భీమిలి రోడ్డులో పరుగుకి వెళ్ళాడు. వెనక నుంచి వచ్చిన పాల వ్యాన్ గుద్దేసి, ఆగకుండా పోయింది. ఆ వ్యాన్‌లో పాలు లేవనీ, నంబర్ ప్లేటు దొంగదనీ మధ్యాహ్నానికల్లా తేలింది. సాయంత్రానికి గూఢచారి యుగంధర్‌కి పిలుపొచ్చింది.

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ వెనక సందులో ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. ముందు గదిలో రొయ్యలుంటాయి. వెనక గదిలో చీఫ్ లోకనాథం ఉంటాడు. రెండు గదుల్లోనూ చలి ఒకటే.

"కూర్చో కెరటం" అన్నాడు చీఫ్. కెరటం అన్నది యుగంధర్ కోడ్ నేమ్. "ఈవిడ రాధిక. 'ప్రాకార్' ఫైర్‌వాల్ తయారుచేసే కంపెనీలో సెక్యూరిటీ హెడ్. సాయికృష్ణ ఈవిడ దగ్గరే పనిచేసేవాడు. ఇప్పటి నుంచి ఈవిడ మన మనిషి."

రాధిక లేచి నమస్కారం పెట్టింది. ముదురు నీలం చీర, చెవులకి ముత్యాలు, ఏడ్చి కడుక్కున్న కళ్ళు. యుగంధర్ ఆమె కళ్ళ వైపు చూడవలసిన దానికన్నా కాస్త ఎక్కువసేపే చూశాడు. మనవాడికి అదొక బలహీనత. రెండోది ఇంకా పెద్దది. అది ముందు ముందు తెలుస్తుంది.

"పోర్ట్ బ్లెయిర్‌లో, మిన్నీ బే ఒడ్డున సముద్ర నిఘా కేంద్రం ఉంది" అన్నాడు చీఫ్. "చుట్టుపక్కల రాడార్లన్నీ చూసేది అక్కడికే వచ్చి చేరుతుంది. ఆ కంప్యూటర్లకి కాపలా ఈ ప్రాకార్. రాధిక, మీరు చెప్పండి."

"ఫైర్‌వాల్ అంటే గేటు దగ్గర కాపలావాడు అనుకోండి" అంది రాధిక. "బయట నుంచి ఎవరొచ్చినా నిలబెట్టి, ఎవరు నువ్వు, ఏం పనిమీద వచ్చావు అని అడుగుతాడు. మా కాపలావాడు ఆ విషయంలో గట్టివాడే. లోపం ఎక్కడంటే, లోపలి నుంచి తలుపు తట్టినవాళ్ళని అసలేమీ అడగడు. మనవాడే కదా అని తాళంచెవి చేతికిచ్చేస్తాడు. సాయి కనిపెట్టింది ఇదే."

"అంటే లోపల ఎవరో ఉండాలి."

"మనిషే అక్కర్లేదు. అగ్గిపెట్టెంత పరికరం చాలు. లోపలి కంప్యూటర్‌కి తగిలిస్తే, అదే తలుపు తీసి బయటివాళ్ళని పిలుస్తుంది."

చీఫ్ ఒక ఫోటో ముందుకి తోశాడు. తెల్లటి పరిశోధక నౌక, వేరే దేశం జెండా. "వీళ్ళ ముఠా పేరు బ్లూ కోరల్. దీవులకి ఇంటర్నెట్ తెచ్చే కేబుల్ సముద్రం అడుగున ఉంది. దాని మీద చెవి పెట్టాలని చూస్తున్నారు. ఒక్క గంట రాడార్ గుడ్డిదైతే పని అయిపోతుంది. ఆ తర్వాత దీవుల్లోంచి వెళ్ళే ప్రతి మాటా, మన నౌకలు మాట్లాడుకునేవి కూడా, వాళ్ళు వింటారు. ఆ లోపాన్ని మూసే ప్యాచ్ తయారుకావడానికి వారం పడుతుంది. రాధిక స్వయంగా తెచ్చి వేస్తారు. ఈలోగా ఆ పరికరం ఏ ఓడలోనో వస్తుందని మన సమాచారం. నీ డ్యూటీ ఒక్కటే. అది లోపలికి వెళ్ళకూడదు."

"వెళ్ళదు సార్" అన్నాడు యుగంధర్. ఆ మాట ఎంత ధీమాగా అన్నాడో తర్వాత తలుచుకున్నప్పుడల్లా అతనికి చెవులు కాలిపోయేవి.

* * *

మర్నాడు సాయంత్రం బీచ్ రోడ్డులో కాఫీకి పిలిచింది రాధికే.

"మీరు పుట్టింది అక్కడేనటగా?"

"బంబూఫ్లాట్‌లో. మా నాన్న చాతం కలపమిల్లులో పనిచేసేవాడు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు."

"అక్కడి తెలుగువాళ్ళు ఎలా ఉంటారు?"

యుగంధర్ నవ్వాడు. అందమైన మనిషి అడిగితే సొంతవాళ్ళ మీద జోకులు వేయడం కొందరికి అలవాటు. "పార్శిళ్ళు మోస్తూ ఉంటారు మేడమ్. నాన్న సెలవుకి ఓడెక్కుతున్నాడంటే బస్తీ అంతా మా ఇంటికొచ్చేది. వెళ్ళేటప్పుడు వాళ్ళ పార్శిళ్ళు, వచ్చేటప్పుడు వాళ్ళ చుట్టాల పార్శిళ్ళు. మా బట్టలకి చోటుండేది కాదు. 'దీవుల్లో మావాళ్ళకి' అంటే చాలు, బాంబిచ్చినా మోసుకొచ్చేవాడు మా నాన్న."

"ఇప్పటికీ అంతేనా?"

"విమానాలొచ్చాయి, కొరియర్లొచ్చాయి. ఆ అలవాటు మాత్రం పోలేదు. కాదంటే మొహం చూపించలేరు."

"మీరు కూడానా?"

"నేను ట్రైనింగైన మనిషిని" అన్నాడు యుగంధర్.

రాధిక ముత్యాలు ఊగేలా నవ్వింది. కాఫీ డబ్బులు తనే ఇచ్చింది.

* * *

ఓడ ఎక్కే రోజున యుగంధర్ ఆడిట్ ఆఫీసర్ గణేశ్వరరావుగా మారిపోయాడు. కణతల దగ్గర నెరిసిన జుట్టు, కెమెరా ఉన్న దళసరి కళ్ళద్దాలు, రేడియో సిగ్నల్ దగ్గర్లో ఉంటే చేతిమీద గిల్లినట్టు అదిరే గడియారం. పోర్టు గేటు దగ్గర లైన్లో నిలబడ్డాడు.

అక్కడొక ముసలమ్మ ఉంది. నేత చీర, ముక్కుకి నత్తు, చంకలో తాడు కట్టిన అట్టపెట్టె. లైన్లో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినే బతిమాలుతోంది. ఒకాయన సామాను ఎక్కువైందన్నాడు. ఒకావిడ ఫోన్ చెవిన పెట్టుకుని అటు తిరిగింది. ముసలమ్మ యుగంధర్ ముందుకొచ్చి ఆగింది.

"బాబూ, దీవులోడివే గదా? నీ వాలకంలోనే తెలస్తంది."

"ఏంటమ్మా?"

"మా సెల్లెలి కూతురు అక్కడే పుట్టి పెరిగింది బాబూ. పద్మిని. ఏదో గవర్నమెంటు ఉద్దోగం, ఏటో నాకు తెల్దు. మిన్నీ బే అంటారు. ఉక్కపోతకి సిన్న ఫేను కొన్నాను, కూసింత తాటి తాండ్ర ఎట్టాను. తీస్కెళ్ళి ఇచ్చీ బాబూ. యర్రమ్మ పెద్దమ్మ ఇచ్చిందని సెప్పు, అదే ఏడుస్తాది."

తీసుకోకూడదు. డిపార్ట్‌మెంట్‌లో చేరిన మొదటి రోజు నేర్పే పాఠమే అది. యుగంధర్ నోరు తెరిచాడు కూడా. కానీ లైన్లో జనం చూస్తున్నారు. నలుగురు కాదన్నారు, ఈ దీవులవాడు కూడా కాదంటాడా అన్నట్టు చూస్తున్నారు. తండ్రి ఎప్పుడూ తలదించుకోని చోట తను దించుకోవాలంటే సిగ్గేసింది.

అయినా ట్రైనింగైన మనిషి కదా, పరీక్షించకుండా తీసుకోలేదు. పెట్టె విప్పాడు. అరచేతంత ఫ్యాన్, దాని తీగ, అరిటాకులో చుట్టిన తాండ్ర. గడియారం దగ్గర పెట్టాడు, అదరలేదు. సిబ్బంది ఫైలు గుర్తు తెచ్చుకున్నాడు. రాడార్ ఆపరేటర్ పద్మిని, పెద్దమ్మ యర్రమ్మ, భీమిలి. సరిపోయింది. కేంద్రంలో పరిచయం పెంచుకోవడానికి ఇదొక వంక అనుకుని, తన తెలివికి తనే మురిసిపోయి పెట్టెని సంచిలో పెట్టుకున్నాడు.

ఓడలో అతను క్షణం తీరిక లేకుండా పనిచేశాడు. గిటార్ మోసుకొచ్చిన విదేశీయుడి పెట్టె వెతికాడు. మొబైల్ కవర్లు అమ్మే కుర్రాడి మూట వెతికాడు. పాస్టర్ గారి హార్మోనియం కూడా విప్పి చూసి, మళ్ళీ బిగించాడు. తన సంచి తప్ప ఓడలో అతను వెతకని సంచి లేదు.

* * *

మిన్నీ బే కేంద్రం గేటు దగ్గర జవాను చెయ్యి అడ్డం పెట్టి, సంచులు పరీక్షించే మెషీన్ చూపించాడు.

"సాబ్, బ్యాగ్ మెషీన్ మే డాల్‌నా పడేగా."

యుగంధర్ ఎర్ర కార్డు చూపించాడు. "స్పెషల్ డ్యూటీ."

"ఆర్డర్ హై సాబ్. సబ్ కే లియే."

"ఆ ఆర్డరు నాలాంటి వాళ్ళ కోసం కాదు" అని గొంతు పెంచాడు యుగంధర్. జవాను మొహం ఎర్రబడింది. సెల్యూట్ కొట్టి తప్పుకున్నాడు.

రాడార్ గదిలో ఏసీ పాడైపోయి ఉంది. పద్మిని నుదుటి చెమట తుడుచుకుంటూ తెర ముందు కూర్చుని ఉంది. ముప్పై దాటిన మనిషి, చౌల్దారీ నుంచి రోజూ స్కూటీ మీద వస్తుంది. పార్శిల్ చేతికిచ్చి, ఎవరు పంపారో చెప్పగానే ఆమె లేచి నిలబడింది.

"పెద్దమ్మా? సచ్చీ? భయ్యా, అమ్మ పోయినకాణ్ణించి మాతో బాత్ నై చేస్తాది. దినాలకి కూడా రాలేదు." పెట్టె విప్పింది. "అరె, ఫ్యాన్! ఈ కమ్రాలో ఏసీ ఖరాబై ఎన్నాళ్ళయిందో. మెకానిక్ మెయిన్‌లాండ్ నుంచి రావాలంట. పెద్దమ్మకి ఎవరు చెప్పారో ఏంటో!"

"ఫోన్ చేసి అడగండి."

"ఇప్పుడొద్దు భయ్యా. ఫోన్‌లో ఏదో మాట వచ్చేస్తాది, మళ్ళా ఝగడా. ఆదివారం నాన్నతో చేయిస్తాను, ఆరామ్‌గా."

తాండ్ర తుంచి మొదటి ముక్క యుగంధర్‌కే ఇచ్చింది. మోసుకొచ్చినవాడికి ముందు పెట్టడం అక్కడి మర్యాద. తర్వాత ఫ్యాన్ తీగని తన కంప్యూటర్‌కి గుచ్చింది. రెక్కలు గిర్రున తిరిగాయి. యుగంధర్ గడియారం చేతిమీద అదిరింది. గదిలో ఉన్న వైర్‌లెస్ పెట్టెలన్నిటి వల్లా అది అక్కడ అడుగుపెట్టినప్పటి నుంచీ అదురుతూనే ఉంది. విసుగొచ్చి దాన్ని ఆపేశాడు.

రోజూ పొద్దున్నే చాతం జెట్టీకి వెళ్ళి, ఫెర్రీ దిగేవాళ్ళ చేతుల్లో సంచులు గమనించాడు. తర్వాత కేంద్రానికొచ్చి, లోపలికి వచ్చే ప్రతి పెన్ డ్రైవునీ ఫోన్‌నీ పట్టి పట్టి చూశాడు. స్వీపరు టిఫిన్ డబ్బా కూడా తెరిపించాడు.

* * *

ప్యాచ్ వేసే రోజొచ్చింది. ఆ పొద్దున చాతంలో ఫెర్రీ నడవలేదు. బండ్లెక్కే పలక గొలుసు తెగింది. స్కూలు టీచర్లు, కూరగాయల బుట్టలు, బండ్లు రోడ్డు పొడుగునా ఆగిపోయి ఉన్నాయి. చిన్నప్పుడు అలా ఆగిపోతే బడి ఎగ్గొట్టేవాళ్ళమని యుగంధర్ నవ్వుకుంటూ ఉండగా ఫోన్ మోగింది.

"లైట్‌హౌస్ మాట్లాడుతున్నాను" అన్నాడు చీఫ్. "తలుపు తెరిచేశారు. రాధిక విమానం దిగి నేరుగా కేంద్రానికి వెళ్ళింది, ఇప్పుడు సర్వర్ రూమ్‌లో ఉంది. పరికరం లోపలే ఉందట, పద్మిని కంప్యూటర్ నుంచే పనిచేస్తోందట. ఆ అమ్మాయిని పట్టుకో. ఇంత చేసీ లోపలికి ఎలా వెళ్ళనిచ్చావయ్యా?"

యుగంధర్‌కి ఒళ్ళు మండింది. కేంద్రానికి పరుగెత్తుకొచ్చి, ఆ మంటంతా పద్మిని మీద చూపించాడు. గదిలో అందరి ముందూ ఆమె మెడలోంచి గుర్తింపు కార్డు లాగేసుకున్నాడు. కుర్చీలోంచి లేపి మూలన నిలబెట్టాడు. తను ఆమె కుర్చీలో కూర్చుని, చెమట పడుతుంటే ఫ్యాన్ తన వైపు తిప్పుకున్నాడు.

"ఎంతిచ్చారు?"

"ఎవరు సాబ్?" భయ్యా పోయి సాబ్ వచ్చింది.

"బ్లూ కోరల్ వాళ్ళు. ఈ కంప్యూటర్‌కి ఏం తగిలించావు?"

"నేనేం తగిలించలేదు. కసమ్‌సే చెప్తున్నా."

"కొత్త వస్తువు ఒక్కటి కూడా లోపలికి రాకుండా నేను కాపలా కాస్తున్నాను. గాల్లోంచి వచ్చిందా?"

పద్మిని కన్నీళ్ళు తుడుచుకుంది. ఆమె చూపు అతని మీద లేదు, అతని మొహం ముందు తిరుగుతున్న రెక్కల మీద ఉంది.

"కొత్తదంటే ఈ గదిలో అదొక్కటే సాబ్. అది మీరే తెచ్చారు."

చల్లగాలి మొహానికి కొడుతూనే ఉంది. యుగంధర్ వీపు మాత్రం తడిసిపోయింది.

"మీ పెద్దమ్మకి ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టు."

చాలాసేపు మోగాక అవతల ఒక కరుకు గొంతు పలికింది. అది పోర్టు దగ్గర విన్న గొంతు కాదు.

"ఫేనేటి? నానేటీ పంపనేదు. పంపాలని ఎప్పుడూ అనిపించనేదు కూడాను." కాస్త ఆగి, అదే గొంతు మెత్తబడింది. "ఏటమ్మా, ఏడస్తన్నావేటి?"

పద్మిని ఫోన్ పెట్టేసింది. యుగంధర్ ఫ్యాన్ తీగ లాగేశాడు.

సిగ్గంటే అప్పటిదాకా అతనికి చిన్నదే తెలుసు. లైన్లో జనం చూస్తుంటే కలిగే సిగ్గు అది. ఇది వేరు. నాన్న మీద వేసిన జోకు గుర్తొచ్చింది. బాంబిచ్చినా మోసుకొచ్చేవాడన్నాడు. నాన్న జీవితంలో ఒక్క బాంబూ మోయలేదు. మోసింది కొడుకు. ఆపిన జవాను మీద అరిచి మరీ మోశాడు. అన్నిటికన్నా నీచమేంటంటే, ఆ క్షణంలోనే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. కిటికీ పక్కనే సముద్రం ఉంది. ఫ్యాన్ విసిరేస్తే ఎవరికీ తెలియదు. నేరం పద్మినిది అని ఎలాగూ రాసేశారు. ఆ ఆలోచన తనదేనని గుర్తుపట్టి యుగంధర్ కుంచించుకుపోయాడు.

తల ఎత్తలేక తెర వైపు చూశాడు. హార్బర్ బొమ్మ, పచ్చటి చుక్కలు. చాతం నుంచి బంబూఫ్లాట్‌కి ఒక చుక్క నెమ్మదిగా జరుగుతోంది.

"అదేంటి?"

"ఫెర్రీ" అంది పద్మిని.

"ఫెర్రీ లేదు. గొలుసు తెగింది. నేను అక్కడి నుంచే వస్తున్నాను."

ఇద్దరూ ఆ చుక్కని చూశారు. అది హాయిగా అవతలి ఒడ్డు చేరింది.

"నిన్నటి బొమ్మ చూపిస్తన్నారు" అంది పద్మిని గుసగుసగా. "బాప్ రే! అసలు సముద్రంలో ఏం జరుగుతుందో మనకి తెల్దు."

ఆ గంట మొదలైపోయింది. ఫ్యాన్ లాగేసినా లాభం లేదు, తలుపు ఎప్పుడో తెరిచారు. ఫైర్‌వాల్‌నే తెంపేయాలి. దానికి గోడకున్న ఎర్ర పెట్టెలో తాళంచెవి తిప్పాలి. హార్బర్ అంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి చీఫ్ కోడ్ వర్డ్ చెబితేగాని ఆ పెట్టె మూత తెరుచుకోదు. యుగంధర్ ఫోన్ తీశాడు.

"సార్, కెరటం. తెంపడానికి అనుమతి కావాలి. ఇప్పుడే."

"వీల్లేదు. రాధిక ప్యాచ్ సగం వేసింది. మధ్యలో తెంపితే అంతా పోతుందని ఇప్పుడే చెప్పింది."

"రాధిక వాళ్ళ మనిషి సార్."

"రుజువు?"

యుగంధర్ గదిలో చూశాడు. ఆపరేటర్లందరూ అతన్నే చూస్తున్నారు. పద్మిని ఇంకా నిలబడే ఉంది.

"రుజువు నేనే సార్. పరికరం లోపలికి తెచ్చింది పద్మిని కాదు. నేను."

ఆపరేటర్లందరికీ వినపడేలా గొంతు పెంచాడు.

"దీవులవాళ్ళు పార్శిల్ ఇస్తే కాదనలేరని రాధికకి నేనే చెప్పాను, కాఫీ తాగుతూ, నవ్వుతూ. నేను ఏ ఓడెక్కుతున్నానో, సిబ్బంది ఫైల్లో ఏముందో మీకూ ఆవిడకీ తప్ప ఎవరికీ తెలియదు. పోర్టు దగ్గర ఒక ముసలమ్మ వచ్చింది. ఇచ్చింది. తెచ్చాను. గేటు దగ్గర మెషీన్‌లో పెట్టమంటే పెట్టలేదు. నా చేత్తో ఈ అమ్మాయికిచ్చాను. ఇప్పుడు ఈమెనే దొంగని చేసి నిలబెట్టాను."

చీఫ్ గట్టిగా ఊపిరి వదిలాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"దీపం ఆర్పెయ్" అన్నాడు.

కోడ్ వర్డ్ అదే. ఆ మాట మీటల మీద కొట్టగానే ఎర్ర పెట్టె మూత తెరుచుకుంది. యుగంధర్ తాళంచెవి పద్మిని చేతిలో పెట్టాడు. ఆమె తిప్పింది. తెరలన్నీ ఒక్కసారి నల్లబడ్డాయి. మరుక్షణం ఆమె మూలనున్న పాత రాడార్ మీది గుడ్డ లాగేసింది. ఆ రాడార్ భవనం పైకప్పు మీదే ఉంటుంది, ఏ కంప్యూటర్‌తోనూ దానికి సంబంధం లేదు. గీత గుండ్రంగా ఒక చుట్టు తిరిగింది. ఫెర్రీ చుక్క లేదు. కానీ హార్బర్ ముఖద్వారం బయట, సరిగ్గా కేబుల్ దారి మీద, ఒక లావు చుక్క కదలకుండా ఉంది.

పద్మిని రేడియో అందుకుంది. అప్పుడే సర్వర్ రూమ్ తలుపు తెరుచుకుంది.

"మైక్ కింద పెట్టు" అంది రాధిక. ముత్యాలు అవే. చేతిలో చిన్న పిస్తోలు ఉంది. "గస్తీ నౌకకి ఒక్క మాట వెళ్ళినా ఈ అమ్మాయి ఉండదు."

యుగంధర్ చేతులెత్తాడు. ఫ్యాన్ ఒక చేతిలో అలాగే ఉండిపోయింది.

"సాయికృష్ణని ఎందుకు చంపారు?"

"లోపం కనిపెట్టినందుకు కాదు. దాన్ని మూసేయమని పట్టుబట్టినందుకు." ఆమె నవ్వింది. నవ్వుతూనే గొంతు మార్చింది. నత్తు లేదు, నేత చీర లేదు. గొంతు మాత్రం అచ్చం అదే. "బాబూ, దీవులోడివే గదా?"

యుగంధర్ తల దించుకున్నాడు.

"సాఫ్ట్‌వేర్‌కి ప్యాచ్ ఉంటుంది యుగంధర్ గారూ. మీకు లేదు."

"నిజమే" అన్నాడతను.

ఆ ఒప్పుకోలు ఆమెకి నచ్చింది. నచ్చినంతసేపూ పిస్తోలు అరంగుళం పక్కకి జరిగింది. అది చాలు. ఫ్యాన్ ఎగిరి వెళ్ళి ఆమె మణికట్టుకి తగిలింది. గుండు పైకప్పులోకి పోయింది, పెచ్చులు రాలాయి. యుగంధర్ టేబుల్ మీంచి దూకి ఆమెని పడగొట్టాడు. చేతులు వెనక్కి విరిచి కట్టడానికి తాడు కోసం వెతికాడు. కనిపించింది ఫ్యాన్ తీగే. దానితోనే కట్టాడు.

పద్మిని ఆగలేదు. "గస్తీ నౌక, గస్తీ నౌక, మిన్నీ బే కంట్రోల్" అంటూ ఆ చుక్క ఉన్న చోటు చెబుతూనే ఉంది. తెల్ల నౌక వాళ్ళు నీళ్ళలోకి యంత్రాన్ని దించి, కేబుల్‌కి ఇంకా మనిషెత్తు దూరంలో ఉండగా గస్తీ నౌక వాళ్ళ పక్కన ఆగింది. చేపల మీద పరిశోధన అన్నారట. ఏ చేపలని అడిగితే చెప్పలేకపోయారట.

గది సద్దుమణిగాక యుగంధర్ జేబులోంచి పద్మిని కార్డు తీశాడు. లాక్కున్నది అందరి ముందూ కాబట్టి, ఇవ్వాల్సిందీ అందరి ముందే.

"తప్పు చేశానమ్మా. క్షమించు."

పద్మిని కార్డు మెడలో వేసుకుంది. అతని మొహం వైపు చూడలేదు.

"ఫ్యాన్‌కి కాదు సాబ్ నాకు బాధ" అంది. "పెద్దమ్మ పంపిందనుకున్నా. తాండ్ర తింటా అందరికీ అదే చెప్పుకున్నా."

యుగంధర్ బయటికి వెళ్తూ గేటు దగ్గర ఆగాడు. అడక్కుండానే తన సంచి మెషీన్‌లో పెట్టాడు. జవాను మీట నొక్కాడు. లోపలికి వచ్చేవాళ్ళ సంచులే చూడాలి, వెళ్ళేవాళ్ళవి కాదని చెప్పి అతన్ని ఇంకా సిగ్గుపరచడం ఎందుకనుకున్నాడేమో.

* * *

ప్రాకార్ లోపానికి అసలైన ప్యాచ్ వచ్చేసింది. యుగంధర్ రాసిన రిపోర్టుని మాత్రం చీఫ్ ట్రైనింగ్ క్లాసులో పాఠంగా పెట్టించాడు. పేరు మార్చనా అని అడిగితే వద్దన్నాడు యుగంధర్. కొత్తగా చేరినవాళ్ళు ఇప్పుడు వరండాలో అతను ఎదురైతే ముందు నమస్కారం పెట్టి, కాస్త దూరం వెళ్ళాక నవ్వుతారు.

పద్మిని మీద ఎంక్వైరీ అంటూ ఒకటి మొదలయ్యాక అంత తేలిగ్గా ఆగలేదు. వాంగ్మూలం వీడియోలో ఇస్తే సరిపోతుందన్నాడు చీఫ్. కాదు, వెళ్ళి ఆమె పక్కన నిలబడి చెబుతానన్నాడు యుగంధర్. ఈసారి వేషం లేదు, గడియారం లేదు. పోర్టు గేటు దగ్గర మామూలు మనిషిలా లైన్లో నిలబడ్డాడు.

"నువ్వేనా బాబూ, పద్మిని ఆఫీసు కేసులోని బాబువి?"

తిరిగి చూశాడు. నేత చీర కట్టుకున్న ముసలమ్మ. చంకలో తాడు కట్టిన అట్టపెట్టె. యుగంధర్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"యర్రమ్మని. భీమిలి. అది నీ సంగతి సెప్పింది, ఈ ఓడెక్కుతావని కూడా." కరుకు గొంతు. స్పీకర్‌లో విన్న గొంతే. "ఎవతో నా పేరు సెప్పి పంపితే నా పిల్ల ఏడిసిందంట. నానెప్పుడూ ఏటీ పంపనేదని అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గేసింది బాబూ. ఇది నా సేత్తో నాను సేసిన తాండ్ర. తీస్కెళ్ళి ఇచ్చీ."

యుగంధర్ అక్కడే నేల మీద కూర్చున్నాడు. తాడు విప్పాడు. అట్టలు విడదీశాడు. తాండ్ర పొరలు ఒక్కొక్కటే తీసి వెలుతురులో పట్టుకుని చూశాడు. అడుగున ఉన్న పాత జాకెట్ ముక్కని దులిపాడు. లైన్లో జనమంతా తొంగి చూశారు. ఈసారి అతను వాళ్ళ వైపు చూడలేదు.

యర్రమ్మ మొహం చిన్నబోయింది. "నా మీద నమ్మకం నేదా బాబూ?"

"మీ మీద ఉంది పెద్దమ్మా" అన్నాడు యుగంధర్, తాండ్రని మళ్ళీ జాగ్రత్తగా చుడుతూ. "మోసుకెళ్ళేవాడి మీదే లేదు."